అర్ధరాత్రి వేలిముద్ర

ఒకటి ఆసుపత్రి రాసుకున్న కాగితం. ఇంకొకటి ఐసీయూ బయట కూర్చుని కూతురు రాసుకున్న నోటు పుస్తకం. రెండూ ఒకే మనిషి గురించి, అవే పదకొండు రోజుల గురించి.

ఈ వారం ముఖచిత్ర కథనానికి ఎడిటర్‌గారు ఇచ్చిన అంశం ఐసీయూ బిల్లులు. గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. బిల్లుల కోసమే అమలాపురం దగ్గర ఒక ఊరికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దాయన కొబ్బరి రైతు. న్యుమోనియా ముదిరి, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి, ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పదకొండు రోజులుండి బతికి వచ్చారు. కూతురు బిల్లుల కట్ట తెచ్చి ముందు పెట్టింది. దానితోపాటే ఆసుపత్రి ఫైలు జిరాక్సు, అట్ట ఊడిన ఒక నోటు పుస్తకం కూడా వచ్చాయి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివాక, బిల్లుల సంగతి మరో వారం రాద్దామని ఎడిటర్‌గారికి ఫోన్ చేశాను. సరేనన్నారు.

ఫైలులో నా కళ్లు ఆగిన కాగితాన్ని ఆసుపత్రివాళ్లు కౌన్సెలింగ్ షీటు అంటారు. పేరు కాస్త అటూ ఇటూ అయినా ఇలాంటిది చాలా ఐసీయూల్లో ఉంటుంది. పైన పేషెంటు పేరు, ఐపీ నంబరు, బెడ్ నంబరు. కింద గళ్లు: తేదీ, సమయం, వివరించిన విషయం, డాక్టర్ సంతకం, అటెండర్ పేరు, బంధుత్వం, అటెండర్ సంతకం. ఈ పెద్దాయన షీటులో 14 ఎంట్రీలున్నాయి, అన్నీ ఇంగ్లిషులో. మొదటిది కాస్త వివరంగానే ఉంది: తీవ్రమైన న్యుమోనియా, సెప్సిస్, ఆక్సిజన్ అందడం లేదు, వెంటిలేటర్ పెట్టాలి, ప్రాణాపాయం ఉందని చెప్పాం. సంతకం పెద్దకొడుకుది. రెండో రోజు అల్లుడిది. మూడో రోజు మేనల్లుడిది. నాలుగో రోజు చిన్నకొడుకుది. అక్కణ్నుంచి ఎంట్రీలన్నీ దాదాపు ఒకటే పాఠం: వెంటిలేటర్ మీద ఉన్నారు, బీపీ మందులు నడుస్తున్నాయి, పరిస్థితి విషమం, అటెండర్‌కు వివరించాం, అర్థమైంది.

ఆరో రోజు దగ్గర చేతిరాత మారింది. సమయం తెల్లవారుజామున 2.40. కిడ్నీలు పనిచేయడం లేదు, డయాలసిస్‌కు కేథటర్ వేయాలి, హై రిస్క్, గుండె ఆగే ప్రమాదం ఉందని చెప్పాం. బంధుత్వం గడిలో భార్య అని ఉంది. సంతకం గడిలో వేలిముద్ర.

ఇప్పుడు నోటు పుస్తకం. అది నిజానికి తండ్రిదే. ముందు పేజీల్లో కొబ్బరి దింపు లెక్కలు, కూలీల బాకీలు. వెనకవైపు నుంచి కూతురు రాయడం మొదలుపెట్టింది. ఆరో రోజు పొద్దున ఆమె రాసుకున్నది ఆమె అనుమతితో ఇస్తున్నాను:

"అమ్మ వేలు నీలంగా ఉంది. ఏంటమ్మా ఇది అంటే లోపలికి పిలిచి ఏదో కాగితం మీద వేయించుకున్నారే అంది. దేనికంట అంటే ఏమో, ఆ డాక్టరుబాబు చాలా తొందరలో ఉన్నాడు అంది. అన్నయ్య కింద పార్కింగ్‌లో పడుకున్నాడు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు. తొమ్మిదింటికి బిల్లింగ్ దగ్గరికి పిలిచి డయాలసిస్‌కి అడ్వాన్స్ కట్టమన్నారు. నాన్నకి కిడ్నీలు పని చెయ్యట్లేదని అప్పుడు తెలిసింది."

ఆసుపత్రి కాగితం అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ ఆమెను పిలిచే ఉంటాడు, చెప్పే ఉంటాడు. డయాలసిస్ అవసరమే. ఆ పెద్దాయన ఈ రోజు అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్నారంటే దాని పుణ్యం కూడా ఉంది. అయినా భర్త ప్రాణం మీదకొచ్చిన సంగతి ఆ ఇల్లాలికి చేరలేదు. ఆ ఇంటికి చేరింది క్యాష్ కౌంటర్ కిటికీలోంచి.

నోటు పుస్తకం నిండా ప్రశ్నలు. వైద్యం తెలిసినవాళ్లు అడిగే ప్రశ్నలు కావు. "నాన్నకి వినపడుద్దా? మనం మాట్లాడొచ్చా?" "కాళ్లు చల్లగా ఉన్నాయి, సాక్సులు తొడగొచ్చా?" "మొలతాడు ఎందుకు తీసేశారు? మళ్లీ ఇస్తారా?" "రోజూ ఒక్కో డాక్టరు వస్తున్నారు. నాన్న డాక్టరు ఎవరు?" "నిన్న కొంచెం మేలన్నారు, ఇవాళ ఏమీ చెప్పలేమంటున్నారు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం జరిగింది?" అన్నిటికంటే ఎక్కువసార్లు రాసింది ఇది: "చేతులు మంచానికి గుడ్డతో కట్టారు. ఎందుకు?" రెండో రోజు రాసింది, మూడో రోజు రాసింది, నాలుగో రోజు రాసింది. ఐసీయూలో పనిచేసే ఎవరైనా అర నిమిషంలో చెప్పగల జవాబు అది. మత్తులో ఉన్న మనిషి నోట్లోని గొట్టం పీకేసుకోకుండా కడతారు. ఐదో రోజు రాత్రి ఒక సిస్టర్ చెప్పింది. ఆ పేజీలో కూతురు ఇలా రాసింది: "గొట్టం లాగేసుకుంటారమ్మా, మెలకువ వచ్చాక విప్పేస్తాం అంది. తుని అమ్మాయి. పేరు అడగలేదు." ఆ మూడు రోజులూ తండ్రిని శిక్షిస్తున్నారేమో అనుకున్నానని నాతో చెబుతూ ఆమె ఏడ్చింది.

ఈ ప్రశ్నలేవీ కౌన్సెలింగ్ షీటులో లేవు. ఉండే వీలూ లేదు. ఆసుపత్రి చెప్పిన మాటకు గడి ఉంది, విన్నట్టు సంతకానికి గడి ఉంది. కుటుంబం ఏమడిగిందో రాసే చోటు ఆ కాగితం మీద లేదు. ఈ కథనమంతా ఆ లేని గడి గురించే.

డాక్టర్ల మాట వినకుండా ఇది రాయడం న్యాయం కాదు. రాజమహేంద్రవరంలో ఐసీయూ నడిపే ఒక వైద్యుణ్ని కలిశాను. పేరు వద్దన్నారు. షీటు గురించి దాపరికం లేకుండా మాట్లాడారు. "ఆ సంతకం లేకపోతే రేపు వినియోగదారుల కోర్టులో నేను చెప్పనట్టే లెక్కండి. రాత్రిపూట పన్నెండు బెడ్లకి ఒక్క డాక్టరు. ఒక బెడ్ దగ్గర బీపీ పడిపోతుంటే ఇంకో బెడ్ వాళ్ల బావమరిదికి ఫోన్‌లో మొదట్నుంచీ చెప్పాలి. పొద్దున అల్లుడికి చెబుతాం, మధ్యాహ్నం మేనమామ వస్తారు, సాయంత్రం ఊరి ఆర్‌ఎంపీని తీసుకొస్తారు, రాత్రి అమెరికా నుంచి వాట్సాప్ కాల్. ఎవరికి ఏం చెప్పామో మాకే గుర్తుండదు." దాడుల భయం ఉందన్న సంగతీ ఆయనే ఎత్తారు. ఆసుపత్రుల మీద, సిబ్బంది మీద దాడులను శిక్షించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, భయం డ్యూటీ రూములో ఉంది.

ఆర్‌ఎంపీని వెంట తెచ్చుకోవడాన్ని నేను తప్పు పట్టలేను. పల్లెల్లో జ్వరం దగ్గర్నుంచి ఆయనే దిక్కు. డాక్టరు చెప్పింది విని, బయటికొచ్చి, పంపు దగ్గర నిలబడి తేట తెలుగులో చెప్పేది ఆయనే. ఆయన చెప్పింది సగం తప్పు కావచ్చు. కానీ ఆయన్ని మళ్లీ అడగొచ్చు, విసుక్కోడు. ఆసుపత్రి ఖాళీగా వదిలిన చోటును ఎవరో ఒకరు నింపుతారు.

నమ్మకం సన్నగిల్లడానికి మన దగ్గర ప్రత్యేక కారణం ఒకటుంది. చనిపోయిన మనిషికి ఐసీయూలో వైద్యం చేస్తున్నట్టు నటించి బిల్లు గుంజే దృశ్యం 2003లో వచ్చిన 'ఠాగూర్' సినిమాలో ఉంది. ఇరవై ఏళ్లు దాటినా వెయిటింగ్ హాల్లో ఎవరో ఒకరు దాన్ని తలుచుకుంటూనే ఉంటారు. వైద్యులకు అది మంట. నాకూ ఆ దృశ్యం నచ్చదు. వెంటిలేటర్ మీద బతికి బయటపడిన వేలమందికి అది అన్యాయం చేసింది. అయితే తలుపు మూసి, రోజుకి రెండు నిమిషాలు మాట్లాడి, రోజుకి మూడుసార్లు అడ్వాన్స్ అడిగితే ఏ కుటుంబానికైనా ఆ సినిమాయే గుర్తొస్తుంది.

ఇక్కడ పరిశోధనల సంగతి చెప్పాలి. పారిస్‌లోని సెయింట్ లూయీ ఆసుపత్రి వైద్యుడు ఏలీ అజూలే బృందం 2000లో ఒక అధ్యయనం ప్రచురించింది. డాక్టరుతో మాట్లాడి వచ్చిన బంధువులను రోగం ఏమిటో, చికిత్స ఏమిటో, ముందుముందు ఎలా ఉండొచ్చో అడిగి చూశారు. 54 శాతం మందికి వాటిలో ఏదో ఒకటి అర్థం కాలేదు. చదువు, వైద్య వసతులు దండిగా ఉన్న దేశంలో సంగతి ఇది. 2004లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్లు, కుటుంబాలు కూర్చుని మాట్లాడుకున్న 51 సమావేశాలను రికార్డు చేసి గడియారం పెట్టి లెక్కగట్టారు. సగటున 32 నిమిషాల సమావేశంలో కుటుంబం మాట్లాడింది 29 శాతం సమయమే. మిగతాదంతా డాక్టర్లే. కుటుంబం వాటా పెరిగినచోట సంతృప్తి కూడా పెరిగింది. డాక్టరు ఎంత బాగా చెప్పారన్నదాని గురించే మనం ఇన్నాళ్లూ మాట్లాడుకున్నాం. ఎంతసేపు విన్నారన్నది అంతకంటే పెద్ద సంగతని ఈ లెక్క చెబుతోంది.

దాన్ని పరీక్షకు పెట్టింది మళ్లీ ఫ్రాన్సువాళ్లే. 22 ఐసీయూల్లో, ఇక బతకరని తేలిన 126 మంది రోగుల కుటుంబాలను రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు పద్ధతి. రెండో భాగానికి ఒక చిన్న పుస్తకం ఇచ్చి, ఒక క్రమం ప్రకారం సమావేశం పెట్టారు. కుటుంబం చెప్పినదానికి విలువివ్వాలి, వాళ్ల బాధను గుర్తించినట్టు మాటల్లో చెప్పాలి, వినాలి, మంచం మీదున్న మనిషి ఎలాంటివాడో అడిగి తెలుసుకోవాలి, ప్రశ్నలు అడగమని తామే ప్రోత్సహించాలి. 2007లో ఫలితాలు వచ్చాయి. మామూలు పద్ధతిలో సమావేశం 20 నిమిషాలు, కుటుంబం మాట్లాడింది 5 నిమిషాలు. కొత్త పద్ధతిలో 30 నిమిషాలు, కుటుంబం మాట్లాడింది 14 నిమిషాలు. మూడు నెలల తర్వాత ఫోన్ చేసి అడిగితే, ఆ మరణం తాలూకు మానసిక గాయం లక్షణాలు మొదటి భాగంలో 69 శాతం మందిలో, రెండో భాగంలో 45 శాతం మందిలో కనిపించాయి. రోగులను ఎవరూ కాపాడలేకపోయారు. మిగిలినవాళ్లు కాస్త తేలిగ్గా నిద్రపోగలిగారు. అందుకు అయిన ఖర్చు పది నిమిషాలు, ఒక చిన్న పుస్తకం.

మన దగ్గర పది నిమిషాలు ఎక్కడివని రాజమహేంద్రవరం డాక్టరుగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆ పది నిమిషాలూ డాక్టరువే కానక్కర్లేదని నా అభిప్రాయం. నోటు పుస్తకంలోని ప్రశ్నల్లో సగానికి పైగా సిస్టర్లు జవాబు చెప్పగలిగినవే. తుని అమ్మాయి చెప్పింది కదా! చాలా ఆసుపత్రుల్లో నర్సులు నోరు విప్పకూడదని మౌఖిక ఆదేశం ఉంటుంది. ఏమడిగినా డాక్టరుగారిని అడగండి అనాలి. పేషెంటు పక్కన పన్నెండు గంటలు నిలబడే మనిషికి మాట్లాడే అనుమతి లేదు, పది నిమిషాలు వచ్చి వెళ్లే మనిషికి తీరిక లేదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలను కూర్చోబెట్టారు. కార్డు, అనుమతి, కాగితాల దారి చూపడానికి ఒక మనిషి ఉండాలని ఆ పథకం గుర్తించింది. ఐసీయూ తలుపు దగ్గర అలాంటి మనిషి ఎందుకు ఉండకూడదు?

ఐసీయూ మొదలైందే మంచం పక్కన మనుషులతో. ఆ చరిత్ర రెండు ముక్కల్లో. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడి, ఊపిరి ఆడని రోగులతో ఆసుపత్రి నిండిపోయింది. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతులో గొట్టం వేసి చేత్తో గాలి ఊదే పద్ధతి పెట్టాడు. దాదాపు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని రాత్రింబవళ్లు సంచులు నొక్కారు. మరుసటి ఏడాది ఆయనే అక్కడ తొలి ఐసీయూ తెరిచాడు. చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి. 2020లో కోవిడ్ వచ్చి, హైదరాబాద్ గాంధీ ఆసుపత్రితో సహా అన్నిచోట్లా తలుపులు పూర్తిగా మూయించింది. నిజానికి రోగి పక్కన ఇంటివాళ్లను వీలైనంత ఎక్కువగా ఉండనివ్వాలని, రౌండ్లలో కూడా పాల్గొనే అవకాశమివ్వాలని అంతర్జాతీయ ఐసీయూ మార్గదర్శకాలు 2017లోనే చెప్పాయి.

పెద్దాయన బతికి వచ్చాక జరిగింది చెప్పకపోతే కథ సగమే అవుతుంది. ఇంటికొచ్చాక నెల రోజులు ఆయన రాత్రిళ్లు లేచి కూర్చునేవారు. తనను ఎవరో ఎత్తుకుపోయి, చేతులు కట్టేసి, నోట్లో గుడ్డలు కుక్కారని ఆయన నమ్మకం. ఐసీయూ మత్తులో ఇలాంటి భ్రాంతులు మామూలేనని, కొందరిలో అవే నిజమైన జ్ఞాపకాలుగా మిగిలిపోతాయని వైద్యులకు తెలుసు. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒక రోజు కూతురు నోటు పుస్తకం తీసి మొదట్నుంచీ చదివి వినిపించింది. చేతులు ఎందుకు కట్టారో తుని సిస్టర్ చెప్పిన మాట దగ్గర ఆపించి, ఆయన మళ్లీ చదవమన్నారట. "ఆ పిల్ల పేరు కనుక్కోవాల్సిందే" అన్నారట. ఆ రాత్రి నుంచి నిద్ర పట్టిందని కూతురు అంటుంది. ఆయన్ని అడిగితే నవ్వి, "దింపు లెక్కల పుస్తకం పాడు చేసిందండి" అన్నారు.

బాక్స్: ఐసీయూ డైరీ

స్పృహలో లేని రోగి కోసం నర్సులు, ఇంటివాళ్లు కలిసి రోజూ నాలుగు వాక్యాలు రాసే అలవాటు స్కాండినేవియా దేశాల్లో మొదలైంది. ఇవాళ మీకు జ్వరం తగ్గింది, మీ మనవరాలు వచ్చి వెళ్లింది, ఈ తరహాలో. కోలుకున్నాక పుస్తకం రోగికే ఇస్తారు. ఆరు యూరప్ దేశాల్లో 352 మంది మీద జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. డైరీ అందుకున్నవాళ్లలో మానసిక గాయం 5 శాతం, అందుకోనివాళ్లలో 13 శాతం. అయితే 2019లో ఫ్రాన్సులో 35 ఐసీయూల్లో చేసిన పెద్ద పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి డైరీని మందులా అమ్మకూడదు. రాయడం వల్ల నష్టమూ లేదు, ఖర్చూ లేదు.

బాక్స్: మీకు హక్కుగా వచ్చేవి

వైద్య రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఫైలులో కౌన్సెలింగ్ షీటు కూడా భాగమే, అడిగి తీసుకోండి. రోగి గానీ కుటుంబం గానీ ఒప్పుకోకపోతే ఐసీయూలో చేర్చకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. కోలుకునే ఆశ లేని రోగికి యంత్రాలు తొలగించే విషయంలో సుప్రీంకోర్టు 2018లో దారి చూపి, 2023లో దాన్ని సులభం చేసింది. చికిత్స చేస్తున్న డాక్టరు, కనీసం ఐదేళ్ల అనుభవమున్న మరో ఇద్దరు నిపుణులు కలిసిన ప్రాథమిక బోర్డు, దాని మీద రెండో బోర్డు చూడాలి. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. అలాంటి స్థితి వస్తే యంత్రాలు వద్దని ముందే రాసిపెట్టుకునే ముందస్తు వీలునామా మీద ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరింపజేస్తే చాలు. డబ్బులు లేక తీసుకుపోవడం, సొంత పూచీ మీద అని సంతకం పెట్టడం వేరు, ఈ పద్ధతి వేరు. ఆ తేడా ఏమిటో అడిగి చెప్పించుకోండి.

పాఠకులకు ఒక మాట. మీ ఇంట్లో ఎవరైనా ఐసీయూలో చేరితే మొదటి రోజే ఆసుపత్రితో మాట్లాడే మనిషిని ఒకరినే ఎంచుకోండి. పెద్దకొడుకే కానక్కర్లేదు. వినగలిగి, రాయగలిగి, మిగతావాళ్లకి చెప్పగలిగిన మనిషయితే చాలు. చాలా ఇళ్లలో అది కూతురో కోడలో అవుతుంది. ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు కేస్ షీటు మీద రాయించండి. రోజూ ఏ వేళకు, ఏ డాక్టరు మాట్లాడతారో అడగండి. ఒక పుస్తకం దగ్గర పెట్టుకుని, ప్రశ్న తోచినప్పుడల్లా రాసుకోండి. మర్నాడు మాట్లాడేటప్పుడు ముందు మీ ప్రశ్నలు చదవండి, తర్వాత డాక్టరు చెప్పింది రాసుకోండి. ఇంగ్లిషు కాగితం మీద సంతకం పెట్టే ముందు తెలుగులో చదివి చెప్పమనండి. ఏడిపించడానికి కాదు, తెలుసుకోవడానికే అడుగుతున్నామని చెప్పండి. చాలామంది డాక్టర్లు చెబుతారు.

ఆసుపత్రులకు విన్నపం ఒక్కటే. మీ కౌన్సెలింగ్ షీటులో 'వివరించిన విషయం' పక్కన 'అటెండర్ అడిగినవి' అని ఇంకో గడి గీయండి. దాన్ని నింపే పని సిస్టర్లకు అప్పగించండి. దానికి ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. వచ్చే నెల షీట్లు ప్రింటుకు వెళ్లేముందు ప్రెస్సుకు ఒక్క మాట చెబితే చాలు.